ఆరోది లెక్కకి

ఐసు ఫ్యాక్టరీ మేడ మీద నా గది.
కింద కంప్రెసర్ ఆగినప్పుడే
పైన సముద్రం వినపడుతుంది,
నాకు కాదు, నా డబ్బాకి.

పాత టీవీ యాంటెనా గొట్టాలు కోశాను,
రెండూ కలిపి ఎనభై ఎనిమిది సెంటీమీటర్లు.
సరుగుడు వాసానికి కట్టి
కేబుల్ని కిటికీ చువ్వల్లోంచి లాగాను.
నూట అరవై రెండు మెగాహెర్ట్జ్, ఆ పక్కన ఓ చిన్న భిన్నం.
మనుషులు నిద్రపోయాక కూడా
పడవలు ఈ దారిలోనే మాట్లాడతాయిట.

మాట కాదది.
తడిసిన గోనె మీద ఎవరో గోరుతో గీసినట్టు
ఒక గీత. మళ్ళీ ఏమీ లేదు.
రెప్ప పూర్తిగా వాలకముందే అయిపోయే ఆ గీతలో
ఏ పడవ, ఎక్కడ, ఎటు, ఎంత వేగం,
అన్నీ కుక్కి ఉంటాయి
సంచిలో ఉప్పుచేపల్లా.

మారితే సున్నా. మారకపోతే ఒకటి.
ఈ లెక్క చదివి నవ్వొచ్చింది.
మారకుండా ఉన్నదానికి విలువిచ్చే చోటు
ఒకటుందన్నమాట!
అంతర్వేది పల్లిపాలెంలో పుట్టి
ఏడాదికింత ఒడ్డు వెనక్కి జరగడం చూసినవాణ్ణి,
ఆ నియమం ఒంటబట్టడానికి రెండు రాత్రులు పట్టింది.

ప్రోగ్రాం రాశాను. నడిపాను.
ప్రతి సందేశం చివరా పదహారు బిట్ల తనిఖీ.
కలిస్తే ఉంచు, కలవకపోతే పారెయ్.
పారేసింది.
నూట నలభై గీతలు, నూట నలభై చెత్త.
గెయిన్ తగ్గించాను. పెంచాను. మళ్ళీ తగ్గించాను.
దోషం తేమదనుకున్నాను, ఉప్పుగాలిదనుకున్నాను,
సఖినేటిపల్లిలో కేబుల్ అమ్మిన
బొమ్మిడి పల్లయ్యదనుకున్నాను.

మూడో తెల్లారుజామున టీకి దిగాను.
తూము దగ్గర ఎస్తేరు పీతలు లెక్కపెడుతోంది.
ఒకటి అనదు. లాభం అంటుంది.
లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు,
ఐదవగానే ఒక ఎండు డిప్ప పక్కన పడేస్తుంది.
అటు తిరిగి కూర్చున్న కుర్రాడు
టప్పుమన్న ప్రతి చప్పుడికీ పుస్తకంలో గీత గీసేస్తున్నాడు.
"ఒరే మోషే, ఆరోది లెక్కకిరా!
సరుకు కాదది. కలపకు."

టీ గ్లాసు అక్కడే వదిలేశాను.

ఐదు ఒకట్లు వరసగా వస్తే
పంపేవాడు ఒక సున్నా దూరుస్తాడు.
అది సందేశంలోది కాదు.
ఒకేలా సాగే వరసని చూసి
ఇదే ముగింపని వినేవాడు పొరబడకుండా.
తీసెయ్యాలి దాన్ని.
పుస్తకంలో ఆ వాక్యం కింద
పెన్సిలు గీత కూడా ఉంది, నాదే.

మూడు లైన్లు చేర్చాను.
కంప్రెసర్ ఆగేదాకా గోళ్ళు కొరుక్కున్నాను.
గీత.
తెర మీద ఒక వరస నిలబడింది:
తొమ్మిదంకెల నంబరు,
పదహారు డిగ్రీల చిల్లర ఉత్తరం,
ఎనభై ఒకటి చిల్లర తూర్పు,
వేగం సున్నా.
పేరు ఇంకా రాలేదు. అది వేరే సందేశంలో వస్తుందిట.

కిటికీలోంచి అరిచాను. ఎస్తేరు తలెత్తింది.
"ఏమంటోంది?"
"ఇక్కడున్నానంటోంది."
"ఇక్కడంటే?"
"లైట్‌హౌస్‌కి దక్షిణంగా తొమ్మిది మైళ్ళు. లంగరేసుకుంది."
"వల పండిందా?"
"అది చెప్పదు."
"మరేం చెప్పినట్టండీ" అని
లెక్క చెడగొట్టానని నన్ను తిట్టుకుంటూ
మళ్ళీ లాభం దగ్గర్నుంచి ఎత్తుకుంది.

ఇప్పటికీ మూడింట ఒకటి తనిఖీలో పోతోంది.
వాసం ఇంకో రెండు మూరలు లేపాలి.
జాయింటులోకి వాన నీళ్ళు దిగుతున్నాయి,
టేపు మళ్ళీ చుట్టాలి.
ప్రోగ్రాంలో ఒకట్లు లెక్కపెట్టే కౌంటరుకి
డిప్ప అని పేరు పెట్టాను.
ఐదుదాకా వెళ్ళి, ఒకటి పక్కన పడేసి,
మళ్ళీ మొదటికి వస్తుంది.